కంచెకు ఇవతలి మనిషి
యుద్ధనీతి కథ – 7వ భాగం

గత భాగంలో 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలపై సంతకాలు ఎలా పడ్డాయో చెప్పుకున్నాం. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలాది యుద్ధఖైదీలు ఆకలికి, చలికి, తుపాకులకు బలైపోయిన తరువాత దేశాలు కూర్చుని రాసుకున్న కట్టుబాట్లవి. వాటిలో మూడోది అచ్చంగా యుద్ధఖైదీల కోసమే. అందులో 143 అధికరణాలున్నాయి. ఖైదీకి పెట్టే తిండి, చేయించే పని, ఇంటికి రాసే ఉత్తరం, చనిపోతే పూడ్చే చోటు వరకూ అన్నిటి గురించీ రాశారు.

వాటిలో 127వ అధికరణం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒప్పందాన్ని సైనిక శిక్షణలో పాఠంగా చేర్చాలని, యుద్ధం వచ్చినప్పుడు ఖైదీల బాధ్యత తీసుకునే అధికారుల దగ్గర దాని ప్రతి ఉండి తీరాలని, వారికి ఆ నియమాలను ప్రత్యేకంగా బోధించాలని అది చెబుతుంది. 39వ అధికరణం ప్రకారం శిబిరంలోని సిబ్బంది అందరికీ ఈ నియమాలు తెలిసేలా చూడవలసింది అక్కడి అధికారే. 41వ అధికరణం ప్రకారం ఒప్పందం పాఠాన్ని ఖైదీల సొంత భాషలో, అందరూ చదువుకోగలిగిన చోట అతికించాలి.

అంటే చట్టం రాసినవాళ్లకు చట్టం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో బాగా తెలుసు. ఖైదీ ప్రాణం రాజధానిలోని మంత్రి చేతిలో ఉండదు. కంచె పక్కన తుపాకీ పట్టుకుని నిలబడ్డ ఇరవయ్యేళ్ల కుర్రవాడి చేతిలో ఉంటుంది. నిన్నటిదాకా తన మీద కాల్పులు జరిపినవాణ్ని ఇవాళ కాపాడమంటే అతనికి కోపం వస్తుంది, భయం వేస్తుంది. శత్రువును చంపడం నేర్పిన సైన్యమే చేతికి చిక్కిన శత్రువును కాపాడడమూ నేర్పాలి. ఆ పాఠం చెప్పని చోట ఏమైందో, చెప్పిన చోట ఏమైందో ఈ భాగంలో చూద్దాం. రెండింటికీ వేదిక కొరియాయే.

కోజె దీవి: నేర్పకుండా నిలబెట్టిన కాపలా

కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలైంది. అప్పటికి ఒప్పందాల మీద సిరా ఇంకా ఆరలేదు. అమెరికా సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. ఆ పని 1955లో జరిగింది. చైనా 1956లో, ఉత్తర కొరియా 1957లో చేరాయి. అయినా ఒప్పంద సూత్రాలను పాటిస్తామని యుద్ధంలో ఉన్న రెండు పక్షాలూ ప్రకటించాయి. ప్రకటించినంత తేలికగా ఆచరణ సాగలేదు.

ఐక్యరాజ్యసమితి సేనల చేతికి చిక్కిన ఖైదీలను 1951 మొదటి నుంచి కొరియా దక్షిణ తీరానికి దగ్గరలోని కోజె దీవికి తరలించారు. లక్షన్నర మంది దాకా అక్కడికి చేరారు. ఒక్కో ఆవరణను 700 నుంచి 1,200 మందికి సరిపోయేలా కడితే అందులో అంతకు అయిదు రెట్ల మందిని కుక్కారు. ఇక కాపలాదారులు. మేటి దళాలు యుద్ధరంగంలో కావాలి కనుక మిగిలినవారిని ఇక్కడికి పంపారు. వారి సంఖ్యా చాలలేదు, సత్తువా చాలలేదు. ఈ మాట అమెరికా సైన్యపు అధికారిక చరిత్రలోనే ఉంది.

కాపలాదారుడు కంచె బయటే ఉండిపోయాడు. లోపల రాజ్యం ఖైదీల నాయకులది. కొన్ని ఆవరణలు కమ్యూనిస్టుల చేతిలో, కొన్ని వారి వ్యతిరేకుల చేతిలో. చీకటి పడితే లోపల పంచాయతీలు జరిగేవి, శిక్షలు పడేవి, హత్యలు జరిగేవి. డేరా కర్రలు, ముళ్లతీగ ముక్కలు ఆయుధాలయ్యాయి. నాయకుడి మాట కాదన్న ఖైదీకి దిక్కులేదు. ఖైదీని సాటి ఖైదీ నుంచి కాపాడడం కూడా బంధించినవారి బాధ్యతే. ఆ సంగతి ఆ కాపలాదారులకు చెప్పినవారే లేరు.

1952 ఫిబ్రవరి 18న 62వ ఆవరణలోకి ఖైదీల విచారణ కోసం సైనికులు వెళ్లినప్పుడు తిరుగుబాటు జరిగింది. ఆ ఘర్షణలో 70 మందికి పైగా ఖైదీలు, ఒక అమెరికన్ సైనికుడు చనిపోయారు. రెండు రోజుల తరువాత బ్రిగేడియర్ జనరల్ ఫ్రాన్సిస్ డాడ్ శిబిరం బాధ్యత తీసుకున్నాడు. మళ్లీ నెత్తురు పారకూడదని ఆయన తాపత్రయపడ్డాడు. నాయకులతో గేటు దగ్గర నిలబడి, ఆయుధం లేకుండా మాట్లాడేవాడు.

మే 7న 76వ ఆవరణ నాయకులు ఆయన్ను పిలిపించారు. గేటుకు ఇటు డాడ్, ఆయనతో లెఫ్టినెంట్ కర్నల్ విల్బర్ రేవెన్. అటు ఖైదీలు. మాటలు సాగుతుండగా పని మీదున్న ఖైదీల గుంపు ఒకటి గేటు దగ్గరికి వచ్చింది. వారి కోసం గేటు తెరిచారు. అంతే, లోపలివారు ఒక్క ఉదుటున మీదపడ్డారు. రేవెన్ గేటు గుంజను పట్టుకుని వేలాడుతుండగా కాపలాదారులు పరిగెత్తుకొచ్చి విడిపించారు. డాడ్‌ను మాత్రం లోపలికి ఈడ్చుకుపోయారు. ఆయన్ను బంధించామని, కాల్పులు జరిగితే ప్రాణానికి హామీ లేదని పెద్ద అక్షరాలతో బోర్డు లేచింది. శిబిరాధిపతే తన ఖైదీలకు ఖైదీ అయ్యాడు.

మూడు రోజుల పైచిలుకు బేరాలు నడిచాయి. డాడ్ స్థానంలోకి వచ్చిన బ్రిగేడియర్ జనరల్ చార్లెస్ కోల్సన్ ఖైదీలు కోరిన పత్రం మీద సంతకం పెట్టాడు. ఇంతకుముందు చాలామంది ఖైదీలు చనిపోయారని, గాయపడ్డారని, ఇకమీదట అంతర్జాతీయ చట్టం ప్రకారం మానవీయంగా చూస్తామని ఆ పత్రం సారాంశం. మే 10 రాత్రి డాడ్ బయటికొచ్చాడు. పై అధికారులు ఆ పత్రాన్ని తోసిపుచ్చారు. డాడ్, కోల్సన్ ఇద్దరినీ కర్నల్ స్థాయికి దించారు. తరువాత వచ్చిన బ్రిగేడియర్ జనరల్ హేడన్ బోట్నర్ జూన్ 10న పారాట్రూపర్లను, ట్యాంకులను దించి 76వ ఆవరణను చెదరగొట్టాడు. ఆ రోజు 31 మంది ఖైదీలు చనిపోయారు. ఒక అమెరికన్ సైనికుడూ చనిపోయాడు.

బోట్నర్ చేసిన మరో పని చరిత్రలో తక్కువగా వినిపిస్తుంది. ఆయన 500 మందికి మించని చిన్న ఆవరణలు కట్టించాడు. కాపలా దళాల క్రమశిక్షణను గట్టిపరిచాడు. ఆ రెండూ ఏడాదిన్నర ముందే జరిగి ఉంటే ఫిబ్రవరిలోనూ జూన్‌లోనూ పోయిన ప్రాణాల్లో చాలావరకు నిలిచేవని నా నమ్మకం.

హింద్ నగర్: నేర్చుకున్న సైన్యం

కొరియా సంధి చర్చలు ఏడాదికి పైగా ఒకే ముడి దగ్గర ఆగిపోయాయి. యుద్ధం ముగియగానే ఖైదీలను జాప్యం లేకుండా స్వదేశానికి పంపాలని ఒప్పందం 118వ అధికరణం చెబుతుంది. కాని వేలాది చైనా, ఉత్తర కొరియా ఖైదీలు తిరిగి వెళ్లబోమన్నారు. వారిని బలవంతంగా పంపాలా, వద్దా? ఐక్యరాజ్యసమితిలో వి.కె.కృష్ణ మీనన్ నడిపిన భారత తీర్మానం 1952 డిసెంబరులో నెగ్గింది. దాని బాటలోనే దారి దొరికింది. వెళ్లనన్నవారిని తటస్థ దేశాల సంఘానికి అప్పగించాలి, వారి దేశ ప్రతినిధులు వచ్చి నచ్చజెప్పుకోవచ్చు, ఆ తరువాత నిర్ణయం ఖైదీదే. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లోవేకియా, భారత్ ఆ సంఘంలో సభ్యులు. అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్.తిమ్మయ్య. ఖైదీల కాపలా పూర్తిగా భారత సైన్యానిదే. ఆ దళాధిపతి మేజర్ జనరల్ ఎస్.పి.పి.థోరట్.

సుమారు ఆరు వేల మంది భారత సైనికులు ఓడల్లో ఇంచోన్ రేవు చేరారు. తమ నేల మీద భారతీయులు అడుగు పెట్టడానికి వీల్లేదని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ పట్టుబట్టడంతో వారిని హెలికాప్టర్లలో సైన్యరహిత ప్రాంతానికి చేర్చారు. అక్కడ డేరాలతో వెలసిన శిబిరానికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. 1953 సెప్టెంబరులో 14,704 మంది చైనీయులను, 7,900 మంది కొరియన్లను వారికి అప్పగించారు. అవతలి పక్షం నుంచి 335 మంది దక్షిణ కొరియన్లు, 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిష్ సైనికుడు వచ్చారు. ఇక్కడ కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించిన అక్టోబరు 1 నాటికి అక్కడ మన సైనికులు ఇరవై మూడు వేలకు చేరువైన ఖైదీల మధ్య నిలబడి ఉన్నారు.

వారికిచ్చిన నియమావళి కఠినమైనది. ఖైదీని వెళ్లమనడానికి గాని, ఆపడానికి గాని బలం వాడకూడదు, బెదిరించకూడదు. ఏ కారణంతోనైనా సరే, అతని ఒంటి మీద దెబ్బ పడకూడదు, అతని ఆత్మగౌరవానికి భంగం కలగకూడదు. ఆ ఖైదీలేమో కోజె దీవి అనుభవంతో రాటుదేలినవారు. కమ్యూనిజాన్ని వ్యతిరేకించే నినాదాలను ఒంటి మీద పచ్చబొట్లుగా వేయించుకున్నవారు చైనీయుల్లో చాలామంది. వారికి భారతీయుల మీద నమ్మకం లేదు. స్వదేశం వెళ్లాలన్న కోరిక ఉన్న ఖైదీ ఆ మాట పైకంటే సాటివారి చేతుల్లో చచ్చిపోవలసిందే. రాత్రి కంచె దూకి మన సైనికుల దగ్గరికి పరిగెత్తడమొక్కటే అతనికి దారి.

సెప్టెంబరు చివరి వారంలో పరీక్ష వచ్చింది. మేజర్ గ్రేవాల్ అనే అధికారిని చైనా ఖైదీలు ఆవరణలోకి లాక్కుపోయారు. కోజెలో డాడ్‌కు జరిగిందే ఇక్కడా జరిగింది. తుపాకులు గురిపెట్టి లోపలికి దూసుకుపోతే గ్రేవాల్ బతకడు, వందలాది ఖైదీలూ బతకరు. థోరట్ కొద్దిమందిని వెంటబెట్టుకుని తనే లోపలికి వెళ్లాడు. చుట్టూ అరుపులు, తోపులాట. ఆయన తొణకలేదు. ఇంటికొచ్చిన అతిథికి మా దేశంలో టీ అయినా ఇస్తాం, మీ మర్యాద ఇదేనా అన్న ధోరణిలో మాట కలిపాడు. కాసేపటికి టీ వచ్చింది, సిగరెట్లు వచ్చాయి. అరుపులు మాటలుగా మారాయి. గ్రేవాల్‌ను వెంటబెట్టుకుని థోరట్ బయటికొచ్చాడు. ఒక్క తూటా పేలలేదు. ఆ ధైర్యానికి అప్పట్లో అశోకచక్ర రెండో తరగతిగా ఉన్న, నేడు కీర్తిచక్రగా పిలుస్తున్న పురస్కారం ఆయనకు దక్కింది.

డాడ్ కూడా నెత్తురు పారకూడదనే అనుకున్నాడు, ఆయుధం లేకుండానే మాట్లాడాడు. మరి తేడా ఎక్కడుంది? డాడ్ వెనుక ఉన్న దళానికి ఆ పని రాదు. ఆవరణ చెయ్యిదాటిపోయాక ఆయన ఒక్కడూ మంచితనం తెచ్చుకుని ప్రయోజనం లేకపోయింది. థోరట్ వెనుక ఉన్న దళం ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కదలకూడదో తెలిసినది. జనరల్ లోపల ఉన్నంతసేపూ బయట వేలు ట్రిగ్గర్ మీద పెట్టుకున్న సిపాయి ఎవరైనా జడుసుకుని ఒక్క గుండు పేల్చినా కథ మరోలా ముగిసేది.

ఆ నిలకడ ఎక్కడిది? తిమ్మయ్య, థోరట్ ఇద్దరూ 1945లో బర్మాలోని కంగావ్ పోరులో బెటాలియన్లు నడిపినవారు. తిమ్మయ్య 1947లో పంజాబ్ సరిహద్దు దళంలో దేశవిభజన నెత్తుటి రోజులు చూశాడు. సివిల్ అధికారులకు సాయంగా గుంపుల ముందు నిలబడే పద్ధతి భారత సైన్యానికి పాతది: ముందు హెచ్చరించు, అవసరమైనంత బలమే వాడు, ఎవరి పక్షమూ వహించకు. జలియన్‌వాలా బాగ్ తరువాత ఆ పద్ధతి విలువ ఈ దేశంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. హింద్ నగర్‌లో కనిపించిన ఓర్పు ఆ సాధన నుంచి వచ్చిందేనని నేను అనుకుంటున్నాను.

అంతా సాఫీగా సాగిందని చెబితే చరిత్రకు ద్రోహం చేసినట్టే. అక్టోబరు మొదటి రోజుల్లో ఖైదీలు మూకుమ్మడిగా కంచె మీద పడినప్పుడు మన సైనికులు కాల్పులు జరిపారు, కొందరు ఖైదీలు చనిపోయారు. సాటి ఖైదీల చేతిలో హత్యకు గురైన కొందరిని కాపాడలేకపోయారు. నచ్చజెప్పే కార్యక్రమం అక్టోబరు 15న మొదలై నత్తనడక నడిచింది. చాలా ఆవరణలు బయటికి రావడానికే ఒప్పుకోలేదు. బలవంతంగా ఈడ్చుకురమ్మని ఒత్తిడి వచ్చినా తిమ్మయ్య ససేమిరా అన్నాడు. నచ్చజెప్పే డేరాలోకి వచ్చిన ఖైదీ ఒక్కోసారి ఎదుటి ప్రతినిధి మీద కుర్చీ విసిరేవాడు, ఉమ్మేవాడు. పక్కనున్న మన జవాను అతని చేతులు పట్టుకునేవాడు, అంతే. ఆ మాటలన్నీ విన్న ఖైదీ చివరికి రెండు దారుల్లో తనకు నచ్చినదానిగుండా వెళ్లిపోయేవాడు.

చివరికి 600 మందికి పైగా స్వదేశానికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. మిగిలినవారిలో అత్యధికులు తైవాన్‌కు, దక్షిణ కొరియాకు వెళ్లారు. ఎటూ వద్దన్న 88 మంది 1954 ఫిబ్రవరిలో భారత దళంతో పాటు మన దేశానికి వచ్చారు. వారిలో చాలామంది తరువాత బ్రెజిల్, అర్జెంటీనాల్లో స్థిరపడ్డారు. మధ్యలో రెండు పక్షాలూ భారత్‌ను తిట్టిపోశాయి. కాపలా ముగిశాక మాత్రం అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ దళాన్ని మెచ్చుకుంటూ నెహ్రూకు రాశాడు.

తరగతి గదిలో ఏం చెబుతారు?

ఖైదీని చూసుకోవడం మంచి మనసుంటే దానంతటదే వచ్చే పని కాదు. అదొక పనితనం. లొంగిపోయినవాణ్ని ఒకరు సోదా చేస్తుంటే మరొకరు కాస్త దూరంలో కాపు కాయాలి. సోదాలో ఆయుధాలు, సైనిక పత్రాలు తీసుకోవచ్చు. హెల్మెట్, గుర్తింపు కార్డు, ఒంటి మీది బట్టలు ముట్టుకోకూడదు. డబ్బు తీసుకోవాలంటే అధికారి ఆజ్ఞ ఉండాలి, మొత్తం రిజిస్టరులో రాయాలి, ఖైదీకి రసీదు ఇవ్వాలి. ఇదంతా ఒప్పందం 18వ అధికరణంలో ఉన్నదే. పేరు, హోదా, పుట్టినతేదీ, సైనిక సంఖ్య మినహా మరేదీ చెప్పమని ఒత్తిడి చేయకూడదని 17వది చెబుతుంది. పారిపోతున్న ఖైదీ మీదనైనా తుపాకీ చిట్టచివరి మార్గమేనని, ముందు హెచ్చరించి తీరాలని 42వది చెబుతుంది.

అమెరికా సైన్యం తన సైనికులకు దీన్ని అయిదు మాటల్లో కంఠస్థం చేయిస్తుంది: సోదా చేయి, మాట్లాడుకోనివ్వకు, వేరువేరుగా ఉంచు, కాపాడు, త్వరగా వెనక్కి పంపు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టుకున్నారో రాసిన చీటీ ఖైదీకి కట్టడం ఆరో పని. ఆ చీటీ చిన్నదే. కాని అది కట్టిన క్షణం నుంచి ఆ మనిషి లెక్కలోకి వస్తాడు. లెక్కలో ఉన్న మనిషిని మాయం చేయడం కష్టం. శిక్షణలో ఈ పనులను నటించి చూపిస్తారు, ఏడ్చేవాడిగా, తిట్టేవాడిగా, గాయపడ్డవాడిగా ఒకరు నటిస్తే మరొకరు వాణ్ని సంభాళించాలి. పుస్తకం చదివితే తలకెక్కని సంగతి అలా చేస్తే చేతికొస్తుంది.

అబూ గ్రైబ్: పుస్తకం ఉంది, పాఠం లేదు

ఇంత రాసిపెట్టుకున్న అమెరికా సైన్యమే 2003లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో కూలబడింది. ఆ అక్టోబరులో దాదాపు ఏడు వేల మంది బందీలకు 90 మంది కాపలా ఉన్నారని తరువాతి విచారణలో తేలింది. 2004 జనవరిలో జోసెఫ్ డార్బీ అనే సైనికుడు తన తోటివారు బందీలను హింసించి తీసుకున్న ఫోటోలను దర్యాప్తు అధికారులకు అందించాడు. విచారణ చేసిన మేజర్ జనరల్ ఆంటోనియో టగూబా నివేదికలో రెండు సంగతులు నన్ను ఆపేశాయి. ఆ సైనికులకు బందీల నిర్వహణలో తగిన శిక్షణే లేదన్నది ఒకటి. ఆ సైనికుల బ్రిగేడ్ నడిపిన జైళ్లలో జెనీవా నియమాలను ఇంగ్లీషులో గాని, బందీల భాషలో గాని ఎక్కడా అతికించలేదన్నది రెండోది. 1949లో 41వ, 127వ అధికరణాలు అడిగింది సరిగ్గా ఈ రెండే.

అదే నివేదిక కొందరిని మెచ్చుకుంది కూడా. విచారణలో బందీల మీదికి కుక్కను ఉసిగొల్పమని ఒత్తిడి వచ్చినా ఒప్పుకోని నౌకాదళ సైనికుడు వారిలో ఒకడు. అక్రమం కళ్లబడగానే ఆపించి పైవారికి చెప్పిన యువ అధికారి మరొకడు. అదే వాతావరణంలో, అదే ఒత్తిడిలో వారు తమ పని తమకు తెలిసినవారిలా నిలబడ్డారు.

అయితే శిక్షణ లోపమంటూ తప్పంతా కింది సిపాయి మీదికి నెట్టడం అన్యాయం. అల్‌ఖైదా బందీలకు జెనీవా ఒప్పందాలు వర్తించవన్న పత్రం మీద 2002 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. పైనుంచి వచ్చే మాట మసకబారితే తరగతి గదిలో చెప్పిన పాఠం కింద నిలవదు. హింద్ నగర్‌లో తిమ్మయ్య మాటకు, గేటు దగ్గరి జవాను పనికి మధ్య తేడా లేదు. అబూ గ్రైబ్‌లో లోపించింది అదే. చివరికి 2005లో అమెరికా కాంగ్రెస్ బందీల పట్ల క్రూర ప్రవర్తనను నిషేధిస్తూ చట్టం చేసింది. 2006లో సైన్యం విచారణ పద్ధతుల మీద కొత్త మాన్యువల్ తెచ్చింది.

మన ముంగిట

భారత్ ఈ ఒప్పందాలను 1950లోనే ధ్రువీకరించింది. 1960లో చట్టం చేసింది. యుద్ధం లేని చోట కూడా మన సైన్యానికి బందీలు ఎదురవుతూనే ఉన్నారు. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం మీద 1997లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. దానితోపాటే, సైనికులు చేయవలసినవి, చేయకూడనివి అంటూ సైన్యమే రాసుకున్న జాబితాకు కట్టుబడి తీరాలంది. పట్టుకున్న మనిషిని వీలైనంత త్వరగా దగ్గరి పోలీసు స్టేషనుకు అప్పగించాలన్నది అందులో ముఖ్యం. ఆ జాబితా ప్రతి జవానుకూ తన రైఫిల్ విప్పి బిగించడం వచ్చినంత బాగా రావాలి. అప్పుడే హింద్ నగర్ పేరు చెప్పుకునే హక్కు మనకు నిలుస్తుంది.

కోజె, హింద్ నగర్, అబూ గ్రైబ్ కలిపి చెప్పే తీర్పు ఒక్కటే. బందీని హింసించే సైన్యం పుట్టుకతో క్రూరమైనది కాదు, ఆ పని నేర్పకుండా, లెక్క అడగకుండా వదిలేసిన సైన్యం. తన సైనికులకు ఈ పాఠం చెప్పని ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం పెట్టినా పెట్టనట్టే.

(వచ్చే భాగంలో: 1971 యుద్ధం తరువాత భారత్ చేతికొచ్చిన దాదాపు 93 వేల మంది పాకిస్తానీయులు)